ఆసుపత్రి గడపలో మొదటి గంట: అత్యవసర వైద్య నిపుణులు ఎలా తయారవుతారు?

రాత్రి పదకొండు గంటల వేళ సరిహద్దు తాలూకా ఆసుపత్రికి ఒక రైతును ఆటోలో తీసుకువస్తారు. స్పృహ సరిగా లేదు. వెంట వచ్చినవారిని ఏమైందని అడిగితే చెప్పేది ఒక్కటే మాట: "మందు తాగాడు." తెలుగునాట ఆ మాటకు మూడు అర్థాలున్నాయి. సారా తాగి ఉండవచ్చు. పురుగుల మందు తాగి ఉండవచ్చు. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక్కసారిగా మింగి ఉండవచ్చు. మొదటిదైతే కనిపెట్టుకుని ఉంటే చాలాసార్లు తెల్లవారేసరికి తేరుకుంటాడు. రెండవదైతే ప్రతి నిమిషమూ విలువైనదే. కంటిపాప సూదిమొనంత చిన్నదైందా, నోటి వెంట చొంగ కారుతున్నదా, ఒళ్ళంతా చెమట పట్టిందా, ఊపిరితిత్తుల్లో నీటి చప్పుడు వినిపిస్తున్నదా అన్నవి చూసి, అది ఆర్గానోఫాస్ఫేటు జాతి విషమని గుర్తించి, అట్రోపిన్ ఇంజెక్షను మొదలుపెట్టి, ఛాతీలో చెమ్మ తగ్గేవరకు మోతాదు పెంచుతూ పోవాలి. ఊపిరి మందగిస్తే గొంతులోకి గొట్టం వేసి కృత్రిమ శ్వాస అందించాలి. రక్త పరీక్షల ఫలితాలు వచ్చేవరకు ఆగితే మనిషి దక్కడు.

ఈ పని చేయవలసిన వైద్యునికి ప్రత్యేకమైన చదువు ఒకటి ఉన్నదని, దానికి మూడేళ్ళ శిక్షణ కావాలని, దేశంలో ఆ చదువుకు 2009లో మాత్రమే గుర్తింపు లభించిందని చాలామందికి తెలియదు. పిల్లలను వైద్యవిద్యకు పంపే తల్లిదండ్రులకూ, ఎం.బి.బి.ఎస్. ముగించి తరువాత ఏ దారి పట్టాలా అని ఆలోచించే యువ వైద్యులకూ, అన్నింటికీ మించి సరిహద్దు జిల్లాల్లో ఆసుపత్రులపై ఆధారపడి బతుకుతున్న సామాన్యులకూ ఈ విషయం తెలిసి ఉండటం అవసరం.

డ్యూటీ డాక్టరు వేరు, నిపుణుడు వేరు

చాలా ఆసుపత్రుల్లో 'క్యాజువాలిటీ' అని బోర్డు ఉన్న గదిలో కనిపించే వైద్యుడు సాధారణంగా ఆ రోజు వంతు పడిన డ్యూటీ డాక్టరు. ఆయన చర్మవ్యాధుల విభాగం నుండి వచ్చి ఉండవచ్చు, ఇటీవలే హౌస్‌సర్జన్సీ ముగించి ఉండవచ్చు. రోగిని చూసి, ప్రాథమిక చికిత్స చేసి, సంబంధిత విభాగానికి కబురు చేయడం ఆ పాత పద్ధతిలో ఆయన బాధ్యత. గుండెపోటైతే మెడిసిన్ వారు, ఎముక విరిగితే ఆర్థోపెడిక్స్ వారు, తలకు దెబ్బ తగిలితే సర్జరీ వారు రావాలి. వారు వచ్చేదాకా రోగి స్ట్రెచర్ మీదే ఉంటాడు.

ఇందులో ఆ వైద్యుని తప్పేమీ లేదు. ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నరేళ్ళు, ఆపైన ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ ఏడాదిలో అత్యవసర విభాగంలో తప్పనిసరిగా పనిచేయవలసిన కాలం సుమారు రెండు వారాలే. ఐదున్నరేళ్ళ చదువులో రెండు వారాలు గడిపినవారిని అర్ధరాత్రి అన్ని రకాల ప్రమాదాలకూ ఒంటరిగా ఎదురు నిలబెట్టడం ఏర్పాటులోని లోపమే.

అత్యవసర వైద్య నిపుణుని పని దీనికి భిన్నమైనది. వచ్చిన రోగికి ఏ జబ్బున్నదో తేలకముందే, ప్రాణానికి ఏది ముప్పో దానిని ముందు సరిదిద్దడం ఆయన విద్య. శ్వాసమార్గం తెరిచి ఉన్నదా, ఊపిరి ఆడుతున్నదా, రక్తప్రసరణ నిలిచి ఉన్నదా, స్పృహ ఎంత ఉన్నది, ఒంటిపై ఇంకెక్కడైనా గాయాలున్నాయా అన్న వరుసలో పరీక్షించి, లోపం కనిపించిన చోటనే చికిత్స చేసి ముందుకు సాగుతాడు. ఇతర శాఖల్లో రోగనిర్ణయం ముందు, చికిత్స తరువాత. ఇక్కడ రెండూ కలిసి నడుస్తాయి.

ఒక శాఖగా ఎదిగిన తీరు

ఈ అవసరాన్ని ముందుగా గుర్తించిన దేశాల్లో ఇంగ్లండు ఒకటి. అక్కడి లీడ్స్ నగర ఆసుపత్రిలో 1952లో మారిస్ ఎల్లిస్ అనే వైద్యుడు క్యాజువాలిటీ విభాగానికి పూర్తికాలపు బాధ్యుడుగా నియమితుడయ్యాడు. 1967లో క్యాజువాలిటీ సర్జన్ల సంఘం ఏర్పడింది. అమెరికాలో 1968లో అత్యవసర వైద్యుల కళాశాల పేరిట ఒక వృత్తి సంస్థ వెలిసింది. 1970లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో మొట్టమొదటి శిక్షణ కోర్సు మొదలైంది. 1979లో అక్కడ ఇది 23వ వైద్యశాఖగా గుర్తింపు పొందింది.

గాయపడినవారి చికిత్సకు ఒక క్రమం ఏర్పడటానికి 1976 నాటి ఒక ప్రమాదం కారణమైంది. అమెరికాలోని నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల వైద్యుడు నడుపుతున్న చిన్న విమానం పొలాల్లో కూలిపోయింది. ఆయన భార్య అక్కడికక్కడే మరణించింది. పిల్లలు తీవ్రంగా గాయపడ్డారు. దగ్గరలోని చిన్న ఆసుపత్రిలో తమకు అందిన చికిత్స ఎంత క్రమరహితంగా ఉన్నదో స్వయంగా వైద్యుడైన ఆయన కళ్ళారా చూశాడు. పల్లెటూరి ఆసుపత్రి వైద్యులకు ఒక పద్ధతి నేర్పాలని సహచరులతో కలిసి ఆయన రూపొందించిన శిక్షణే 1978లో మొదలై, 1980లో అమెరికన్ సర్జన్ల కళాశాల ఆమోదం పొంది, ఏ.టి.ఎల్.ఎస్. పేరుతో ప్రపంచమంతటా వ్యాపించింది. ఈ విద్యకు బీజం పడింది ఒక మారుమూల ఆసుపత్రిలో కావడం గమనింపదగినది.

భారతదేశంలో అప్పటి భారత వైద్య మండలి 2009లో అత్యవసర వైద్యాన్ని ప్రత్యేక స్నాతకోత్తర శాఖగా గుర్తించింది. అమెరికా కంటే ముప్పై ఏళ్ళు ఆలస్యమన్నమాట. దేశంలో పెద్దాసుపత్రుల్లో సైతం ఈ నిపుణుల కొరత ఉండటానికి ఈ ఆలస్యం ఒక ముఖ్య కారణం.

గుర్తింపు ఉన్న దారులు

ఎం.బి.బి.ఎస్. పట్టా, ఇంటర్న్‌షిప్, వైద్యమండలి రిజిస్ట్రేషన్ ఉన్నవారికి దేశంలో రెండు ప్రధాన మార్గాలున్నాయి.

మొదటిది ఎం.డి. అత్యవసర వైద్యం. ఇది వైద్య కళాశాలల్లో నడిచే మూడేళ్ళ కోర్సు. నీట్-పీజీ ర్యాంకు ఆధారంగా సీట్లు కేటాయిస్తారు. ఎయిమ్స్, పుదుచ్చేరిలోని జిప్‌మర్, చండీగఢ్ పీజీఐ వంటి జాతీయ ప్రాముఖ్య సంస్థలు మాత్రం ఐ.ఎన్.ఐ.-సెట్ అనే వేరే ప్రవేశపరీక్ష ద్వారా విద్యార్థులను చేర్చుకుంటాయి. నీట్-పీజీ ఒక్కటే రాసి, ఈ రెండవ పరీక్షకు దరఖాస్తు చేయడం మరచిపోయి అవకాశం కోల్పోయేవారు ఉంటారు. రెండు ప్రకటనలనూ వేర్వేరుగా గమనించుకోవాలి.

రెండవది డి.ఎన్.బి. దీనిని జాతీయ పరీక్షల బోర్డు నిర్వహిస్తుంది. దీని కాలవ్యవధి కూడా ఎం.బి.బి.ఎస్. తరువాత మూడేళ్ళే. శిక్షణ వైద్య కళాశాలల్లోనే కాక, బోర్డు అనుమతి పొందిన పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ, ఇతర ఆసుపత్రుల్లోనూ జరుగుతుంది. దీనికీ నీట్-పీజీ ర్యాంకే ప్రాతిపదిక. చట్టరీత్యా డి.ఎన్.బి. పట్టా ఎం.డి.తో సమానం. అయితే వైద్య కళాశాలలో అధ్యాపకుడుగా చేరదలచినవారు తాము శిక్షణ పొందిన ఆసుపత్రి స్థాయిని బట్టి అదనపు అనుభవం అవసరమా అన్నది ముందే తెలుసుకోవాలి.

రెండు దారుల్లోనూ పరిశోధన వ్యాసం సమర్పించాలి. చివర రాతపరీక్ష, రోగుల వద్ద జరిగే ప్రాక్టికల్ పరీక్ష ఉంటాయి. ఈ శాఖలో నిపుణత సాధించిన తరువాత తీవ్రచికిత్సా వైద్యంలో డి.ఎం. వంటి అతిప్రత్యేక కోర్సులకు కూడా పోటీ పడవచ్చు. అందుకు నీట్-ఎస్‌ఎస్ అనే మరో పరీక్ష ఉన్నది.

ఆ మూడేళ్ళలో నేర్చేది

శిక్షణలో ఉన్న వైద్యుడు ఎక్కువ కాలం అత్యవసర విభాగంలోనే గడుపుతాడు. మిగిలిన కాలం ఇతర శాఖలకు వంతులవారీగా వెళ్తాడు. మత్తుమందు విభాగంలో శ్వాసమార్గాన్ని కాపాడటం, గొట్టం వేయడం నేర్చుకుంటాడు. ఐ.సి.యు.లో వెంటిలేటరు నడపడం, రక్తపోటు పడిపోయినవారిని నిలబెట్టడం అలవడుతుంది. గుండె విభాగంలో ఈసీజీ చదవడం, ఎముకల విభాగంలో జారిన కీళ్ళు సరిచేయడం, పిల్లల విభాగంలో బరువును బట్టి మందు మోతాదు కట్టడం, ప్రసూతి విభాగంలో హఠాత్తుగా వచ్చే కాన్పును ఎదుర్కోవడం నేర్చుకుంటాడు.

ఇవికాక ఈ శాఖకే ప్రత్యేకమైన విద్యలు కొన్ని ఉన్నాయి. ఒకేసారి పదిమంది వచ్చినప్పుడు ఎవరిని ముందు చూడాలో తీవ్రతను బట్టి వరుస నిర్ణయించడం వాటిలో మొదటిది. దీనినే ట్రయాజ్ అంటారు. బస్సు బోల్తా పడినప్పుడు గట్టిగా కేకలు వేసే మనిషి కంటే మూలన మౌనంగా పడి ఉన్న మనిషికి ఎక్కువ ప్రమాదం ఉండవచ్చునని గ్రహించే నేర్పు ఇది. మంచం పక్కనే అల్ట్రాసౌండ్ పెట్టి పొట్టలో రక్తస్రావం జరుగుతున్నదేమో చూడటం, ఛాతీలో చేరిన గాలినీ రక్తాన్నీ గొట్టం ద్వారా తీయడం, ఆగిపోయిన గుండెకు విద్యుత్ షాకు ఇవ్వడం మరికొన్ని.

పల్లెసీమల్లో ఈ శిక్షణ విలువ పాముకాటు వేళ బాగా తెలుస్తుంది. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి పుట్టించదు, గుర్తు కూడా సరిగా కనిపించదు. రాత్రి నేలమీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తాడు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. దానిని మామూలు కడుపునొప్పిగా భావించి మాత్ర ఇచ్చి పంపితే, దారిలోనే ఊపిరి కండరాలు చచ్చుబడవచ్చు. కనురెప్పలను చూసి విషాన్ని గుర్తించిన వైద్యుడు విరుగుడు ఇంజెక్షను మొదలుపెట్టి, శ్వాసకు అండగా నిలుస్తాడు. మన దేశంలో లభించే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికీ పనిచేస్తుంది. మందు చాలా ఆసుపత్రుల అల్మారాల్లో ఉంటుంది. ఎప్పుడు, ఎంత ఇవ్వాలో, ఒళ్ళు తిరగబడితే ఏం చేయాలో ధైర్యంగా నిర్ణయించే మనిషి ఉండటమే అరుదు.

చనిపోయినవారి సంగతి కుటుంబానికి చెప్పే పద్ధతి, పోలీసు కేసుల్లో రాయవలసిన పత్రాలు, విపత్తుల వేళ ఆసుపత్రిని సన్నద్ధం చేయడం కూడా పాఠ్యాంశాల్లో భాగమే.

గుర్తింపు లేని పట్టాలతో జాగ్రత్త

2009కి ముందు దేశంలో గుర్తింపు ఉన్న కోర్సు లేనందువల్ల, కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు విదేశీ విశ్వవిద్యాలయాల సహకారంతోనూ, వృత్తి సంఘాల ఆధ్వర్యంలోనూ సొంతంగా శిక్షణ ప్రారంభించాయి. ఎం.ఇ.ఎం. అని పిలిచే మూడేళ్ళ కోర్సు వాటిలో బాగా ప్రచారం పొందినది. ఇటువంటి చోట్ల నేర్చుకుని మంచి వైద్యులైనవారు ఎందరో ఉన్నారు. అయితే ఈ పట్టాలు జాతీయ వైద్య కమిషన్ గుర్తించిన స్నాతకోత్తర అర్హతల కిందికి రావు. వీటితో ప్రభుత్వంలో స్పెషలిస్టు పోస్టుకు గాని, వైద్య కళాశాలలో అధ్యాపక పోస్టుకు గాని అర్హత రాదు. నీట్-పీజీలో తగిన ర్యాంకు రాని విద్యార్థి ఇందులో చేరి, మూడేళ్ళ తరువాత ఈ సంగతి తెలిసి కుంగిపోవడం కంటే, చేరేముందే తెలుసుకుని నిర్ణయించుకోవడం మేలు.

బ్రిటన్ వారి ఎం.ఆర్.సి.ఇ.ఎం. పరీక్షలకు మన యువ వైద్యులు పెద్ద సంఖ్యలో కూర్చుంటున్నారు. ఆ పట్టా బ్రిటన్‌లో వైద్యునిగా నమోదు కావడానికి ఉపకరిస్తుంది. అయితే అక్కడి నిపుణుల శిక్షణలో అది ఒక మెట్టు మాత్రమే. ఎం.బి.బి.ఎస్. అనంతరం రెండేళ్ళ ప్రాథమిక శిక్షణ, ఆపైన ఆరేళ్ళ ప్రత్యేక శిక్షణ ముగించినవారికే అక్కడ పూర్తి నిపుణునిగా ధ్రువపత్రం ఇస్తారు. అమెరికాలో ఈ శాఖ శిక్షణ సంస్థను బట్టి మూడు లేదా నాలుగేళ్ళు ఉంటుంది. పరీక్ష ఒక్కటి పాసై స్వదేశంలో నిపుణుని హోదా ఆశించేవారు ఈ తేడాను మనసులో ఉంచుకోవాలి.

ఏ సంస్థలో చేరబోయినా కొన్ని ప్రశ్నలు అడిగి తెలుసుకోవాలి. ఇచ్చే పట్టా కమిషన్ గుర్తింపులో ఉన్నదా? బోధించేవారిలో ఇదే శాఖలో నిపుణులైనవారు ఎందరు? విభాగానికి రోజుకు ఎంతమంది, ఎటువంటి రోగులు వస్తారు? ఇతర శాఖలకు వంతులవారీగా పంపుతారా, లేక మూడేళ్ళూ డ్యూటీ డాక్టరుగానే వాడుకుంటారా? బాండు షరతులు ఏమిటి?

సరిహద్దు విద్యార్థుల స్థితి

బళ్ళారి, రాయచూరు, హోసూరు, బరంపురం, సిరోంచ ప్రాంతాల తెలుగు కుటుంబాల పిల్లలకు ప్రవేశాల వేళ ఒక చిక్కు ఎదురవుతుంది. ఇంటి భాష తెలుగైనా చదువు ఉన్న రాష్ట్రంలోనే సాగడం వల్ల వీరికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సాధారణంగా స్థానిక హోదా దక్కదు. వీరికి ఉపకరించే సంగతులు మూడు ఉన్నాయి.

ప్రభుత్వ వైద్య కళాశాలల పీజీ సీట్లలో సగం అఖిల భారత కోటా కిందికి వస్తాయి. ఇందులో నివాసంతో నిమిత్తం లేదు. డి.ఎన్.బి. సీట్లకు కూడా దేశవ్యాప్త ర్యాంకే ఆధారం. రెండవది, 2025 జనవరి 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. పీజీ వైద్య సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధమని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఎం.బి.బి.ఎస్. చదివిన సంస్థ ఆధారంగా కొంతమేర ప్రాధాన్యం ఇవ్వడాన్ని మాత్రం అనుమతించింది. కనుక ప్రతి రాష్ట్రం ఆ ఏడాది విడుదల చేసే ప్రవేశ నియమావళిని జాగ్రత్తగా చదువుకోవాలి. మూడవది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఇప్పటికే పనిచేస్తున్న వైద్యులకు సంబంధించినది. సర్వీసులో ఉన్నవారికి పీజీ సీట్లలో ప్రత్యేక కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉన్నదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో స్పష్టం చేసింది. మారుమూల కేంద్రంలో పనిచేసే వైద్యునికి ఇది మంచి దారి.

ఈ పిల్లలకు ఒక సహజమైన అనుకూలత కూడా ఉన్నది. అత్యవసర విభాగంలో సగం రోగనిర్ణయం మాటల్లోనే జరుగుతుంది. తెలుగుతో పాటు కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో ధారాళంగా మాట్లాడే వైద్యుడు "మందు తాగాడు" అన్న మాట విన్నప్పుడు ఏ మందని ఏ భాషలో అడగాలో ఎరుగును.

అంబులెన్సు వచ్చింది, ఆసుపత్రి సిద్ధంగా ఉన్నదా?

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ దేశానికి ఒక కొత్త అలవాటు నేర్పింది. తమిళనాడు, కర్ణాటకలలో 2008లోను, ఒడిశాలో 2013లోను, మహారాష్ట్రలో 2014లోను అదే నంబరుతో సేవలు ప్రారంభమయ్యాయి. యానాంలో జిప్‌మర్‌కు చెందిన 90 పడకల వైద్య విభాగాన్ని 2024 ఫిబ్రవరిలో ప్రారంభించారు. రోగిని చేరవేసే ఏర్పాట్లు ఇలా మెరుగుపడినా, చేరిన చోట అందుకునే చేతులకు శిక్షణ లేకపోతే ప్రయోజనం సగమే.

న్యాయస్థానాలు ఈ విషయంలో ఏనాడో మాట్లాడాయి. ప్రమాదంలో గాయపడిన స్కూటరిస్టును ఒక ఆసుపత్రి పోలీసు కేసని చేర్చుకోక మరొక చోటికి పంపగా దారిలో మరణించిన ఉదంతంపై, పరమానంద్ కటారా కేసులో 1989లో సుప్రీంకోర్టు ప్రాణం కాపాడటం ప్రతి వైద్యుని ధర్మమని, చట్టపు లాంఛనాలు దానికి అడ్డు రాకూడదని తేల్చి చెప్పింది. రైలు నుండి పడిన ఒక వ్యవసాయ కార్మికుణ్ణి కలకత్తాలో పలు ప్రభుత్వ ఆసుపత్రులు చేర్చుకోని కేసులో, 1996లో అదే న్యాయస్థానం సకాలంలో చికిత్స అందించకపోవడం జీవించే హక్కుకు భంగమని ప్రకటించి, 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. తలుపు తెరవాలని తీర్పులు చెప్పాయి. తలుపు లోపల తగిన వైద్యుడు ఉండాలంటే మాత్రం చదువు, పోస్టు రెండూ కావాలి.

ఈ రెండింటి విషయంలోనూ అడుగులు ఒకే దిశలో పడలేదు. 2020లో వెలువడిన కనీస ప్రమాణాలు వైద్య కళాశాలల్లో పాత క్యాజువాలిటీ స్థానంలో అత్యవసర వైద్య విభాగం ఉండాలని నిర్దేశించాయి. 2023లో జాతీయ వైద్య కమిషన్ విడుదల చేసిన ప్రమాణాల్లో తప్పనిసరి విభాగాల పట్టిక నుండి దానిని తొలగించారు. విభాగం తప్పనిసరి కాకపోతే అధ్యాపక పోస్టులు పెరగవు. అధ్యాపకులు లేకపోతే పీజీ సీట్లు రావు. సీట్లు లేకపోతే జిల్లా ఆసుపత్రికి నిపుణులు చేరరు. నిపుణుల సంఘాలు అప్పట్లో ఆందోళన చెందింది ఇందుకే.

ఆశ కలిగించే ఏర్పాటు ఒకటి ఉన్నది. పీజీ విద్యార్థులు తమ కోర్సులో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నిబంధన అమలులో ఉన్నది. జిల్లా రెసిడెన్సీ అని పిలిచే ఈ పద్ధతి ద్వారా అత్యవసర వైద్యంలో శిక్షణ పొందుతున్న యువ వైద్యులు సరిహద్దు జిల్లాల ఆసుపత్రులకూ రావచ్చు. అక్కడి సిబ్బంది వారినుండి నేర్చుకోవచ్చు. వారు కూడా నగరాల్లో అరుదుగా కనిపించే పురుగుమందు, పాముకాటు కేసులను దగ్గరగా చూడవచ్చు.

మన ప్రాంతపు ప్రజలు ఆసుపత్రి సలహా సంఘాల్లోనూ, ప్రజాప్రతినిధుల వద్దనూ కొత్త భవనం, కొత్త స్కానింగు యంత్రం కోరడం పరిపాటి. వాటితో పాటు జిల్లా ఆసుపత్రిలో అత్యవసర వైద్య నిపుణుని పోస్టు మంజూరై ఉన్నదా, ఉంటే భర్తీ అయినదా, జిల్లా రెసిడెన్సీ కింద ఈ శాఖ విద్యార్థులను పంపుతున్నారా అన్న మూడు ప్రశ్నలు కూడా అడగాలి. రాత్రి పదకొండు గంటలకు ఆటోలో వచ్చే రైతుకు ముందుగా కావలసింది ఆ గదిలో ఉండే మనిషి.